ఆమెను అడగని తేదీ

"ఎవర్ని అడిగి ఒప్పుకున్నారు?"

ఆమె మళ్ళీ అడిగింది.  భర్త బూట్ల లేసులు విప్పడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఆస్పత్రి నుంచి ఆపరేషన్ తేదీలు ఇచ్చే అమ్మాయి ఫోన్ చేసింది. నేనప్పుడు ఒకావిడ తలకి రంగు వేస్తున్నాను. చేతులకి గ్లవ్స్ ఉన్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టాను. 'మీ ఆపరేషన్ సోమవారానికి ఖాయమైందండీ, ఆదివారమే వచ్చి చేరిపోండి' అంది. షాపులో అందరూ విన్నారు. రంగు వేయించుకుంటున్నావిడ అద్దంలోంచి నా వంక చూసి 'ఏం ఆపరేషనండీ?' అనడిగింది. ఏం చెప్పను? నాకూ తెలీదు, మా ఆయన్ని కనుక్కుని చెప్తానన్నాను."

"చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు? కోశాకా?"

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు తల తిప్పి కొడుకు వంక చూసింది. బల్ల దగ్గర చదువుకుంటున్న కూతురు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి, తీసేసిన సంగతి ఎవరికీ తెలియకుండా కళ్ళు పుస్తకం మీదే ఉంచింది.

అతను బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులు ఎంత కడిగినా గ్రీజు గోళ్ళ చివర నల్లటి గీతలా మిగిలిపోతుంది. ఆ చేతులవంకే చూసుకుంటూ అన్నాడు.

"నువ్వు షాపులో ఫోన్ ఎత్తవని నా నంబరు కూడా ఇచ్చాం కదా. మొన్న చేశారు. సోమవారం ఖాళీ వచ్చింది, ఉంచమంటారా, వదిలేయమంటారా, ఇప్పుడే చెప్పండన్నారు. ఉంచమన్నాను."

"నేను ఒప్పుకున్నానని చెప్పారా?"

అతను బొటనవేలి గోటి చివర గ్రీజును గీకసాగాడు.

"చెప్పారన్నమాట."

వీధిలో అందరూ ఆమెను దువ్వెనక్క అంటారు. తన షాపు తెరిచిన కొత్తలో ఎవరో పిల్ల పెట్టిన పేరు, అలాగే స్థిరపడిపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి పదిమంది జుట్టు సరిచేసే మనిషి. ఆ మనిషి కడుపులో, జీర్ణాశయం వెనకాల, క్లోమం కొన్నేళ్ళుగా వాచి, గట్టిపడి, రాళ్ళు కట్టి కూర్చుంది. నోట్లోంచి గొట్టం పంపి రాళ్ళు పగలగొట్టారు. క్లోమ నాళం మూసుకోకుండా స్టెంట్ అని సన్నటి గొట్టం పెట్టారు. కొన్నాళ్ళు హాయిగా ఉండేది. మళ్ళీ మొదలయ్యేది. మొదట్లో ప్రతి డాక్టరూ ఆమెను పక్కకి పిలిచి, తాగుడు అలవాటు ఉందా అని అడిగేవాడు. గ్లాసెడు సోడా కూడా పడని ఒళ్ళండీ నాది అని చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది.

"సర్జన్‌గారు చెప్పినప్పుడు నువ్వూ ఉన్నావుగా" అన్నాడు భర్త.

"ఉన్నాను. ఆవిడ మూడు దారులు చెప్పారు. మీరు ఒక్కటే విన్నారు."

"మొదటి దారిలోనేగా ఇన్నాళ్ళూ నడుస్తున్నాం! తిండితో పాటు అరుగుదలకి ఆ క్యాప్సూల్సు, నొప్పికి మాత్రలు. మాత్రల డోసు పెరగడం తప్ప ఏమైనా తగ్గిందా? పొద్దున షాపులో అద్దం ముందు నిలబడి ఆ మత్తుకి తూగుతున్నావు. చేతిలో కత్తెర పెట్టుకుని!"

"అందుకే రెండోది అంటున్నాను. నాళాన్ని తెరిచి పేగుకి కలిపి కుడతారు. లోపలిది లోపలే ఉంటుంది."

"నీ నాళం సన్నంగా ఉంది, దానివల్ల పెద్ద ఉపయోగం ఉండకపోవచ్చు అన్నారు."

"ఉండకపోవచ్చు అన్నారు. ఉండదు అనలేదు."

"ముందు అది చేయించుకుని, కుదరక మళ్ళీ పెద్ద ఆపరేషన్‌కి వెళ్తే అప్పటికి దక్కే ఇన్సులిన్ కణాలు తగ్గిపోతాయని కూడా అన్నారు. అది వినలేదా?" అతని గొంతు పెరిగింది. "మూడోదాంట్లో మొత్తం క్లోమం తీసేస్తారు. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలు వేరుచేసి నీ కాలేయంలోకి పంపిస్తారు. పాడైన యంత్రం తీసేసి పనికొచ్చే భాగాలు దాచుకోవడం. దాన్లో అర్థం కానిదేముంది?"

"అర్థం కాక కాదు. భయమేసి."

ఆ మాట ఆమె మెల్లగా అంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నోరు ఆగలేదు.

"ఆ కణాలు బతుకుతాయని ఎవరు రాసిచ్చారు? బతక్కపోతే? ఉన్న నొప్పికి తోడు షుగరు. రోజూ సూదులు. చూపు మందగించడం, కాలి వేళ్ళు తీయించుకోవడం... ఇంట్లో కళ్ళెదుట చూస్తూనే ఉన్నాను కదా!"



అత్తగారు తన ఎడమ కాలిని మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది. ఆ కాలికి చిటికెన వేలు లేదు. ఆవిడ రోజూ ఇన్సులిన్ వేసుకుంటుంది.

"అమ్మా!" అంది కూతురు.

"అత్తయ్యా, నేను..."

అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరి వంకా చూడలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు. గట్టిగా వేసి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

*

భోజనాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అత్తగారు తన పళ్ళెం గదిలోకి తెప్పించుకుంది. తీసుకెళ్ళిన మనవరాలు ఖాళీ చేతులతో తిరిగొచ్చి కూర్చుంది.

"ఎవరో ఒకళ్ళు అరవండి" అంది కాసేపటికి. "పుణ్యముంటుంది. ఈ మౌనం నావల్ల కాదు."

ఎవరూ అరవలేదు. దువ్వెనక్క క్యాప్సూల్ మింగి, ఉడికించిన బంగాళాదుంప సగం తింది. మిగతా సగాన్ని చెంచాతో పళ్ళెంలో అటూ ఇటూ జరిపింది. తిన్నట్టు కనబడాలని ఆమె చాలాకాలంగా చేసే పని అది. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

గిన్నెలు సర్దుతుండగా నొప్పి వచ్చింది. ముందు పొట్ట పైభాగంలో, తర్వాత వీపులోకి, ఎవరో లోపలినుంచి మేకు దిగ్గొడుతున్నట్టు. పళ్ళ బిగువున ఆపుకుంది. గిన్నె జారకుండా పక్కన పెట్టగలిగింది. తర్వాత వంటింటి నేలమీదే కూర్చుని మోకాళ్ళు పొట్టకి అదుముకుంది.

భర్త వేడినీళ్ళ సంచీ తెచ్చాడు. ఆమె అందుకోలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అతనూ పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.



"మొన్న లిఫ్టు గుంతలోకి దిగాను" అన్నాడతను. "దిగేముందు పైన కరెంటు ఆపేసి తాళం వెయ్యాలి. ఆ పనిలో చేరిన రోజు మొట్టమొదట నేర్పేది అదే. నేను మర్చిపోయాను."

ఆమె తల తిప్పింది.

"పైన ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు కిందికి దిగడం మొదలెట్టింది. గోడకి అంటుకుపోయి లిఫ్టు ఆపే ఎర్ర స్విచ్ కోసం తడుముకున్నాను. చేతికి అందింది కాబట్టి ఇలా మాట్లాడుతున్నాను. బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఆస్పత్రి వాళ్ళ ఫోన్."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే నొప్పితో చస్తుంటే నీకేం చెప్పను?" అతను సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నిద్ర లేదు. నువ్వు పక్కన మూలుగుతుంటావు, నేను కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు నటిస్తుంటాను. నాకు తెలుసు, ఈ మాట అనకూడదు. నొప్పి నీది. కానీ నేను అలసిపోయాను. నిజంగా అలసిపోయాను."

ఇన్నేళ్ళలో అతను అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకా సంగతి తెలుస్తూనే ఉంది. కానీ అదే క్షణంలో నొప్పి ఇంకో మెలిక తిరిగింది. ఆ నొప్పే ఆమె నోటితో మాట్లాడింది.

"అయితే మీరు అలసిపోయారని నన్ను కోయిస్తున్నారన్నమాట."

"నేనన్నది అది కాదు."

"నా ఒళ్ళు మీ లిఫ్టు కాదండీ, మొరాయిస్తోందని విప్పి పారేయడానికి."

 అతను సంచీని ఆమె పక్కన జాగ్రత్తగా నిలబెట్టి, గోడ ఆసరాతో లేచి వెళ్ళిపోయాడు. సంచీ ఒరిగి నేలమీద పడింది. దాన్ని తీసి పొట్టకి పెట్టుకోవడానికి ఆమెకు చాలాసేపు మనసొప్పలేదు.

*

తెల్లారి లేచేసరికి భర్త లేడు. దుప్పటి మడతపెట్టి ఉంది. వంటింట్లో అత్తగారు నిలబడి టీ కాస్తోంది.

"వెళ్ళిపోయాడు. ఏమీ తాగలేదు" అంది, అడక్కముందే.

"అత్తయ్యా, నిన్న నేనన్న మాట..."

"కూర్చో."

ఆమె కూర్చుంది. అత్తగారు కప్పు ఆమె ముందు పెట్టి, తనూ ఎదురుగా కూర్చుని, ఎడమ కాలిని బయటికి చాపింది. ఏనాడూ అలా చాపని మనిషి.

"చూడు. ఈ వేలు సూదుల వల్ల పోలేదు. సూదులు వేసుకోకపోవడం వల్ల పోయింది."

ఆమె అర్థం కాక చూసింది.

"అప్పుడు నేను టిక్కెట్ల కౌంటరులో పనిచేసేదాన్ని. పక్క కుర్చీల వాళ్ళ ముందు రోగిష్టిదానిలా కనబడటం నామోషీ. మధ్యాహ్నం సూది ఎగ్గొట్టేదాన్ని. తర్వాత పొద్దుటిదీ ఎగ్గొట్టడం మొదలెట్టాను. ఇంట్లో వేసుకున్నాననే చెప్పేదాన్ని. బాగానే ఉన్నాను కదా అనుకున్నా. కాలికి గీరుకుంటే తెలీలేదు, పుండు పడితే తెలీలేదు. తెలిసేసరికి వేలు నల్లబడింది. మీ మామగారికి కూడా ఈ సంగతి చెప్పలేదు. నీకే చెప్తున్నా."

"మరి ఇన్నాళ్ళూ..."

"నువ్వెప్పుడూ అడగలేదు. నేనెప్పుడూ చెప్పలేదు. అత్తాకోడళ్ళం కదా, ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్నదాని మీదే సరిపోయింది మనకి." ఆవిడ పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. "నన్ను చూసి భయపడితే భయపడు. కానీ దేనికి భయపడాలో తెలుసుకుని భయపడు."

ఆమె కప్పు పట్టుకుంది గానీ తాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకునే ఓపిక కూడా లేకపోయింది.

"నేను ఆపరేషన్ చేయించుకోవాలంటారా?"

"నేనేమీ అనను. మీ ఆయనకీ అదే చెప్పాను పొద్దున. 'ఒరేయ్, అది దాని ఒళ్ళు. నువ్వు తేదీ ఒప్పుకోడానికి ఎవడివి?' అన్నాను. తల దించుకుని వెళ్ళిపోయాడు." అత్తగారు కాలు మళ్ళీ లోపలికి తీసుకుంది. "ఈ ఇంట్లో అందరి అరుపుల మధ్యా నువ్వేం అడగాలనుకున్నావో నువ్వే మర్చిపోయావు. ఇవాళ షాపు మూసెయ్. ఒక్కదానివే వెళ్ళి ఆ డాక్టర్ని అడిగిరా."

*

సర్జన్ గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టు బొంగురుగా ఉంటుంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ. కత్తిరింపు ఎడమవైపు కొంచెం ఎక్కువైందని దువ్వెనక్క చూసిన ప్రతిసారీ అనుకుంటుంది.

"ఇవాళ మీ ఆయన రాలేదా?"

"నేనే వచ్చాను. మొత్తం తీసేస్తే నొప్పి పోతుందా?"

"చాలామందికి బాగా తగ్గుతుంది. కొందరికి ఎంతోకొంత మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి నొప్పికి అలవాటుపడిన నరాలు, దాని మూలం తీసేసినా ఊరుకోవు. మీరు ఏ జట్టులో ఉంటారో నేను ముందే చెప్పలేను."

ఆ జవాబు మంచిది కాదు. అయినా వినడానికి ఎందుకో తేలికగా అనిపించింది. ఇంట్లో ఎవరూ 'తెలీదు' అన్న మాట వాడటం లేదు.

"షుగరు?"

సర్జన్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పింది. "మీరు వచ్చింది మంచిదైంది. మొన్న తీసిన రక్తం ఫలితాలు వచ్చాయి. మీ షుగర్ ఇప్పటికే పెరగడం మొదలైంది. జబ్బు అనేంత కాదు. అంచున ఉన్నారు."

"ఇప్పటికేనా? ఆపరేషన్ చేయకుండానే?"

"చేయకుండానే. క్లోమం పాడవుతున్నకొద్దీ ఇన్సులిన్ కణాలూ పోతుంటాయి. ఇప్పుడు తీస్తే కొన్ని దక్కుతాయి. ఇన్సులిన్ అసలు అక్కర్లేదని మాటివ్వను. చాలామందికి అవసరమవుతుంది. కానీ కాసిని కణాలు బతికున్నా షుగరు మాట వింటుంది. ఆగుతున్నకొద్దీ ఆ కాసినీ తగ్గిపోతాయి."

"రెండో ఆపరేషన్?"

"నాళం వెడల్పుగా ఉన్నవాళ్ళకైతే నేనే ముందు అది చేయించుకోమంటాను. మీది సన్నం."

కిటికీ బయట ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్తున్నారు. దాని చక్రం ఒకటి కీచుమంటోంది. దేన్ని రానీయకూడదని ఇన్ని వారాలుగా ఇంట్లో అందరితో పోట్లాడిందో, ఆ షుగరు ఎప్పుడో చప్పుడు చేయకుండా లోపలికి వచ్చి కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. బరువైన సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నట్టు మాత్రం అనిపించింది.

"మళ్ళీ నిలబడి పనిచేయడానికి ఎంతకాలం పడుతుంది? నాది నిలబడే పని."

"నాదీ నిలబడే పనే" అంది సర్జన్. "కొన్ని నెలలు పడుతుంది. తొందరపడితే ఇంకా ఎక్కువ."

"సరే. చేయించుకుంటాను."

ఆ మాట తన నోటితో తను అనడం అదే మొదటిసారి. ఇంకెవరో ఆమె తరఫున అన్నప్పుడు గొంతు మీద కాలు వేసినట్టున్న మాట, తను అనేసరికి మామూలు మాటలాగే ఉంది. భయం పోలేదు. అది ఉన్నచోటే ఉంది.

"సోమవారమే కదా" అంది లేస్తూ. "ఆదివారం వచ్చి చేరిపోతాను."

"కింద తేదీలు ఇచ్చే అమ్మాయికి ఒకమాట చెప్పి వెళ్ళండి" అంది సర్జన్.

*

తేదీలు ఇచ్చే అమ్మాయి ఆమె పేరు విని కంప్యూటర్లో వెతికింది. మళ్ళీ వెతికింది. తర్వాత మొహంలోకి ఒక రకమైన ఇబ్బంది వచ్చింది.

"మీది రద్దయిపోయింది కదండీ?"

"ఎవరు రద్దు చేశారు?"

"మీవారే. పొద్దున మేం తలుపులు తీస్తూనే ఫోన్ చేశారు. 'మా ఆవిడకి ఇష్టం లేదు, ఆవిణ్ణి అడక్కుండా ఒప్పుకోవడం నాదే తప్పు, క్షమించండి' అన్నారు. పాపం, రెండుసార్లు అన్నారు."

"కాదమ్మా. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడే పైన చెప్పి వస్తున్నాను. మళ్ళీ రాసుకో."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "సోమవారం ఇంకొకరికి ఇచ్చేశామండీ. వాళ్ళు చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు. ఫోన్ చేసిన వెంటనే పరీక్షలకి వచ్చేశారు కూడా."

"ఆ తర్వాతది?"

"కణాలు వేరుచేసే ల్యాబు సోమవారం అయ్యాక మరమ్మతులకి మూసేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఇంకా చెప్పలేదు. మీ పేరు అన్నిటికంటే పైన పెడతాను. అంతకంటే నా చేతుల్లో లేదండీ." తర్వాత ఒక్క క్షణం ఆగి, "డాక్టరుగారితో చెప్పి చూస్తారా? సోమవారం తేదీ తీసుకున్నవాళ్ళింకా ఇక్కడే ఉన్నారు" అని బెంచీ వైపు కళ్ళతో చూపించింది.

బెంచీ మీద ఆమె ఈడుదే ఒకావిడ కూర్చుని ఉంది. రెండు చేతులూ పొట్ట చుట్టూ కట్టుకుని ముందుకి వాలిపోయింది. నుదుటిమీద చెమట. పక్కన ముసలాయన, తండ్రి కాబోలు, ఆవిడ వీపు నిమురుతున్నాడు. ఎక్కడ నిమిరితే ఉపశమనమో ఆయనకు బాగా తెలిసినట్టుంది.

ఆమె బెంచీ వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు.

పక్కకి వచ్చి, గోడకి ఆనుకుని, భర్తకి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"నేనే చేద్దామనుకుంటున్నా" అన్నాడు. వెనకాల ఎక్కడో ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. "షాపు మూసి ఉందట, ఎక్కడున్నావు? సర్లే, ముందు ఇది విను. సోమవారం వద్దని ఆస్పత్రికి చెప్పేశాను. అమ్మ తిట్టిందని కాదు. రాత్రంతా ఆలోచించాను. నువ్వన్నది నిజమే. నీ ఒళ్ళు నీది. నువ్వెప్పుడంటే అప్పుడు, అసలు వద్దంటే వద్దు. నా అలసట సంగతి నేను చూసుకుంటాను."

ఎన్ని నెలలైందో అతని గొంతు అంత తేలిగ్గా విని. బరువు దించుకున్న మనిషి గొంతు. ఆ గొంతుకి ఇప్పుడు ఏం చెప్పాలి?

"హలో? ఉన్నావా?"

"ఉన్నాను" అంది.

"మాట్లాడవేం? ఇప్పుడైనా నేను చేసింది మంచిపనేనా, కాదా?"

లోపలినుంచి నర్సు తలుపు తీసి బెంచీ మీదావిణ్ణి పిలిచింది. ముసలాయన కూతురి చంక కింద చెయ్యి వేసి లేపాడు. ఇద్దరూ ఒకరినొకరు మోసుకుంటున్నట్టు నెమ్మదిగా అటువైపే వస్తున్నారు. నడవా ఇరుకు.

దువ్వెనక్క ఫోన్ చెవికి పెట్టుకునే, గోడకి ఇంకా దగ్గరగా జరిగి, వాళ్ళకి దారి ఇచ్చింది.